ముఖానికి రాసేది మందైతే మందులాగే అడగాలి

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. ప్లస్ వన్‌లో నాకు మొటిమలు మొదలైనప్పుడు వైద్యాలు కూడా రెండు వైపుల నుంచీ వచ్చాయి. అవ్వ వేపనూనెలో పసుపు కలిపి ఇచ్చింది. పాట్టి నాట్టు మరుందు కడై నుంచి కుంకుమాది తైలం తెప్పించింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడాది పాటు రాసుకున్నాను.

మొదట్లో ముఖం మెరిసింది. అది నూనె మెరుపే. తర్వాత నుదురంతా చిన్న చిన్న పొక్కులు. "లోపలి చెడు బయటికొస్తోంది, ఆపకు" అన్నారు. ఆపలేదు. మొటిమలు ఇప్పుడు తగ్గాయి కానీ ఆ ఏడాది బుగ్గల మీద పడిన గుంటలు పోలేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. నేననేది ఒక్కటే: మూలికల నూనె మందే అయితే, మందుని అడిగే ప్రశ్నలు దాన్నీ అడగాలి. ఏ జబ్బుకి? ఎంత? ఎన్నాళ్ళు? పడకపోతే ఎప్పుడు ఆపాలి? మా ఇంట్లో ఇవి ఎవరూ అడగలేదు. నేను కూడా.

ముఖం మీద వచ్చేవన్నీ ఒకటే జబ్బు కాదు. మొటిమ అంటే చర్మంలోని గ్రంథి నూనె ఎక్కువగా వదిలి, రాలాల్సిన పొట్టు రంధ్రానికి అడ్డుపడి, లోపల సూక్ష్మజీవులు పెరిగి వాచేది. అలా మూసుకున్న రంధ్రం మీద మనం ఇంకో పొర నూనె రాస్తాం! కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం ప్రయోగశాలలో ఆ సూక్ష్మజీవిని చంపుతుంది, నిజమే. కానీ ముఖానికి రాస్తే ఆ నూనే రంధ్రాల్ని మూసేయగలదు. ముక్కు పక్కన, కనుబొమల్లో పొట్టు రాలడం వేరే సంగతి. అక్కడ ఉండే ఒక రకం ఈస్ట్ కొవ్వు తిని బతుకుతుంది. పొడిబారిందని నూనె రాస్తే దానికి అన్నం పెట్టినట్టే. మంగు ఇంకోటి. ఎండ తగలకుండా చూసుకోకపోతే దానికి ఏం రాసినా నిలవదు.

"సహజమే కదా, ఏం కాదు" అంటారు. బట్టల మీద చాకలి గుర్తు పెట్టే జీడిగింజ సహజం కాదా? దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చ పడొచ్చు.

అలాగని మూలికల్లో ఏమీ లేదనను. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగులకి టీ ట్రీ నూనెనీ, బెంజాయిల్ పెరాక్సైడ్‌నీ ఇచ్చి పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి. నూనె మెల్లగా పనిచేసింది, కానీ ఇబ్బందులు తక్కువ. అయితే అక్కడ వాడింది 5 శాతం. సీసాలోది ఉన్నదున్నట్టు రాస్తే చర్మం మండిపోవచ్చు.

నూనె మానేసి మెడికల్ షాపులో "తెల్లబడే క్రీము" అడిగేవాళ్ళూ మనలో ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. స్టెరాయిడ్ ఉన్నదైతే చర్మం పలచబడుతుంది, మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. చాలా స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది.

అసలు అడ్డం ఇంకోటుంది. జ్వరానికి, పంటికి డాక్టరు దగ్గరికి వెళ్తాం. ముఖానికి అంటే "సోకు" అంటారు. పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ ముఖాన్నే పరీక్షగా చూస్తారు! చివరికి అమ్మ నన్ను ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మొదట అడిగింది నెలసరి సరిగ్గా వస్తోందా అని. మొటిమల వెనక హార్మోన్ల తేడా ఉండొచ్చట. ఏడాదిలో ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇక్కడ నిలబడి చదువుతున్న మీలో ఎవరి బ్యాగులోనైనా నూనె సీసా ఉంటే, పారేయమనను. ముందు మోచేయి లోపల వారం రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు వస్తే ముఖానికి వద్దు. రాసుకున్నా రెండు నెలల్లో మార్పు లేకపోతే ఆపేయండి. నొప్పి గడ్డలు వస్తున్నా, గుంటలు పడుతున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

అవ్వ ఇప్పటికీ నూనె కాస్తుంది. తలకి రాయించుకుంటాను. చెయ్యి ముఖం మీదికొస్తే "ఇది దేనికి, ఎన్నాళ్ళు రాయాలి అవ్వా?" అంటాను.

"ఆ అడిగేదేదో అప్పుడే అడగొద్దా!" అంటుంది అవ్వ.

నిజమే. నేను అడగలేదు. మీరు అడగండి.