అనుభవం మాది, సిద్ధాంతం మీదా?

పరిశోధనా పద్ధతుల క్లాసు మొదలవగానే ఒక ప్రశ్న వేస్తారు: మనిషికి జ్ఞానం ఎలా కలుగుతుంది? ఇంద్రియాల వల్లనా, తర్కం వల్లనా? మంచి ప్రశ్నే. దాని పక్కనే ఉండాల్సిన ఇంకో ప్రశ్నను మాత్రం ఎవరూ వేయరు. ఎవరికి కలిగితే దాన్ని జ్ఞానం అంటున్నాం?

నా థీసిస్ అధ్యాయం ఒకటి తిరిగొచ్చినప్పుడు మార్జిన్‌లో ఇలా రాసి ఉంది: "ఇది నీ అనుభవం. థియరీ ఎక్కడ?" అదే వాదనకు ఒక యూరప్ తత్వవేత్త పేరు తగిలించి మళ్లీ ఇచ్చాను. ఆమోదించారు. వాదన మారలేదు, దానికి పూచీపడ్డ మనిషి మారాడు.

న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దం అంటే ఆప్తుడి మాట. ఎవరు ఆప్తులో తేల్చేది ఎవరు? బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షాన్ని, అనుమానాన్ని మాత్రమే ఒప్పుకున్నాడు. శబ్దానికి విడిగా పీట వేయలేదు. మన యూనివర్సిటీలు ఆధునికమని చెప్పుకుంటూనే శబ్దప్రమాణం మీద నడుస్తున్నాయి. ఆప్తుల జాబితాలో కొన్ని విదేశీ పేర్లు చేరాయి, అంతే.

మాదిగల లంద సంగతే చూడండి. తోలు సున్నంలో ఎన్నాళ్లు నానాలి, వెంట్రుక ఎప్పుడు ఊడుతుంది, తంగేడు చెక్క రసం ఎంత చిక్కగా ఉండాలి: ఇదంతా చూసి, చేసి, చెడగొట్టుకుని, సరిదిద్దుకుని నేర్చుకున్నది. ల్యాబ్‌లో చేస్తే ఇది రసాయనశాస్త్రం. లంద దగ్గర చేస్తే కులవృత్తి. కులవృత్తిని కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఆ పనిలోకి మమ్మల్ని నెట్టిన వ్యవస్థే, ఆ పనిలోని ఆలోచనను కూడా లెక్కలోంచి తీసేసిందని చెబుతున్నాను.

బాబాసాహెబ్‌ను హైస్కూల్లో సంస్కృతం చదవనివ్వలేదు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. 1946లో 'శూద్రులెవరు?' అచ్చువేసినప్పుడు, సంస్కృత పాండిత్యం లేనివాడికి ఈ పని ఎందుకనే అభ్యంతరానికి ముందుమాటలోనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. తలుపు మూసినవాళ్లే, లోపలికెందుకు రాలేదని నిలదీస్తారు!

మరోవైపు మా ఆత్మకథలకు కళ్లు చెమర్చే ప్రగతిశీల మిత్రులున్నారు. ఏడిస్తే వింటారు, వాదిస్తే నొచ్చుకుంటారు. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, అనుభవం అందించే శూద్రులు అనే విభజన ఉందని గోపాల్ గురు 2002లోనే ఎత్తిచూపారు. ఈ సానుభూతి ఆ విభజనను చెక్కుచెదరనివ్వదు.

అనుభవం ఉన్నంత మాత్రాన జ్ఞానం అయిపోదు, ఒప్పుకుంటాను. దాన్ని పరీక్షకు పెట్టాలి. 1916లో, కొలంబియా సెమినార్‌లో, 25 ఏళ్ల అంబేడ్కర్ చేసింది అదే. అక్కడ ఆయన తన బతుకు కథ చెప్పలేదు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్‌ల నిర్వచనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, కులం లోపలి పెళ్లే కులానికి మూలమని వాదించారు.

కాబట్టి అడిగేది ఒక్కటే. ఆ వ్యాసాన్ని ఐచ్ఛిక పేపర్లో మూలన పడేయకండి. మెథడాలజీ కోర్సులో, అందరికీ, మొదటి వారంలోనే చెప్పండి. మా వాదన తప్పయితే తప్పని నిరూపించండి, సంతోషంగా దిద్దుకుంటాం. అంతేగానీ, ఈ మాట నీకంటే ముందు ఏ పెద్దమనిషి అన్నాడని అడగకండి.

జై భీమ్.