ఫోన్ రివ్యూల్లో తెలుగు వాయిస్ టైపింగ్‌కి కూడా మార్కులు వేయాలి

కెమెరా శాంపిల్స్, గేమింగ్ టెస్ట్, ఛార్జింగ్ టైమ్, బెంచ్‌మార్క్ స్కోర్లు. ఏ ఫోన్ రివ్యూ చూసినా ఇవి ఉంటాయి. రోజూ లెక్కలేనన్ని సార్లు వాడే కీబోర్డు గురించి మాత్రం ఒక్క లైన్ కనిపించడం కష్టం. మైక్ బటన్ నొక్కి తెలుగులో మాట్లాడితే స్క్రీన్ మీద ఏం పడుతుందో చూసి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. నా దృష్టిలో ఇది పెద్ద లోటు.

ఎందుకంటే వాయిస్ టైపింగ్ అవసరం ఇంగ్లిష్ వాళ్లకన్నా మనకే ఎక్కువ. 2016లో స్టాన్‌ఫోర్డ్, వాషింగ్టన్ యూనివర్సిటీల వాళ్లు బైదూతో కలిసి ఒక ప్రయోగం చేశారు. ఫోన్‌లో ఇంగ్లిష్ టైప్ చేయడం కన్నా మాట్లాడి రాయించడం సుమారు 3 రెట్లు ఫాస్ట్ అని తేలింది. అది 26 అక్షరాల భాష సంగతి. మన 'స్త్రీ' అనే ఒక్క అక్షరం వెనక యూనికోడ్‌లో 6 క్యారెక్టర్లు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ తలనొప్పి ఎందుకని చాలామందిమి ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొట్టేస్తాం. అప్పుడు కె-ఏ-ఎల్-ఎల్-యు అంటే కళ్లా, కాళ్లా, కల్లా అన్నది చదివేవాళ్ల ఊహకి వదిలేసినట్టే. తెలుగు మాత్రమే చదవగలిగే అమ్మమ్మకి ఆ ఊహకీ అవకాశం లేదు.

వాయిస్ మెసేజ్ పంపితే సరిపోదా అంటారేమో. పంపేవాళ్లకి హాయే. వినేవాళ్లకి క్లాసులో కుదరదు, తర్వాత అందులో అడ్రస్ వెతుక్కోవాలంటే మొదటి నుంచి మళ్లీ వినాలి.

జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్‌ని గూగుల్ 2017 ఆగస్టులోనే తెచ్చింది. అంటే ఇదేం కొత్త ఫీచర్ కాదు. అయినా దీని పనితీరు ఏ కీబోర్డులో, ఏ ఫోన్‌లో ఎలా ఉందో పోల్చి చూసుకునే వీల్లేదు. నేను కొన్ని కీబోర్డుల్లో వాడి చూశాను, పేర్లు ఇక్కడ అనవసరం. 'మీటింగ్ పోస్ట్‌పోన్ అయింది' లాంటి కలగలుపు వాక్యాలు బాగానే వస్తున్నాయి. చిక్కంతా మాట చివర్లో. తెలుగులో ప్రశ్న ఉండేది అక్కడే. 'రానా' అని అడిగితే 'రాను' అని పడిందంటే, వస్తానన్న మనిషి రానని చెప్పినట్టవుతుంది. 'పంపావా', 'పంపావు' కూడా అంతే. డబ్బుల విషయంలో అయితే గొడవే. సెండ్ నొక్కే ముందు మిగతావి చూడకపోయినా క్రియల చివరలు చూసుకోండి.

రెండో చిక్కు యాస. 'ఏం జేస్తున్నవ్' అంటే 'ఏం చేస్తున్నావ్' అని దిద్దేయడం చూశాను. అర్థం పోలేదు, నిజమే. కానీ దోస్తుకి పెట్టే మెసేజ్ న్యూస్ బులెటిన్‌లా ఎందుకుండాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైనే. కరీంనగర్ మాట, శ్రీకాకుళం మాట, కడప మాట ఒకేలా ఉండవు. ఫోన్ అందరి డబ్బూ తీసుకున్నప్పుడు అందరి మాటా అర్థం చేసుకోవాలి.

"అది కీబోర్డు యాప్ పని, ఫోన్‌కేం సంబంధం?" అని అడగొచ్చు. సంబంధం ఉంది. మైక్ క్వాలిటీ, చుట్టూ ఉన్న గోలని తగ్గించే పద్ధతి, బాక్సులోంచి తీయగానే ఉండే కీబోర్డు, ఇవన్నీ ఫోన్ కంపెనీ చేతిలోవే. 2019లో పిక్సెల్ ఫోన్లలో అమెరికన్ ఇంగ్లిష్ డిక్టేషన్ నెట్ లేకుండానే నడవడం మొదలైంది. మన గొంతు సర్వర్‌కి వెళ్లకుండా ఫోన్‌లోనే పని అయిపోతే ప్రైవసీకీ మంచిదే. తెలుగుకి ఆ సౌకర్యం ఉందో లేదో కొనేముందే తెలియాలి కదా.

అందుకే ప్రతి రివ్యూలో ఈ చిన్న టెస్ట్ ఉండాలంటాను:

1. ఒకే 10 వాక్యాలు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకసారి, ఆర్టీసీ బస్సులో ఒకసారి.
2. అందులో కనీసం 3 ప్రశ్నలు, 2 ఫోన్ నంబర్లు, 2 ఊరి పేర్లు.
3. వేర్వేరు ప్రాంతాల వాళ్లు ముగ్గురు, ఎవరి యాసలో వాళ్లు.
4. చివర్లో ఏరోప్లేన్ మోడ్‌లో మళ్లీ ఒకసారి.

ఎన్ని మాటలు తప్పుగా పడ్డాయో లెక్కపెట్టి రాస్తే చాలు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, అరగంట పని.

రివ్యూల్లో ఇది వచ్చేదాకా మీరే చూసుకోండి. షాపులో డెమో ఫోన్ చేతికిస్తే సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు. ముందు కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు యాడ్ చేసి, మైక్ నొక్కి, ఇంట్లో మాట్లాడినట్టే రెండు ముక్కలు చెప్పండి. ఆ గోలలో కూడా మీ మాట మీకు కనిపిస్తే ధర అడగండి.