పాట సొమ్ము పెరిగింది. ఆటగాడి వాటా పెరిగిందా?

అప్పనపల్లి: సరుకు రాక మారకుండా కొనేవారి చేతిలో సొమ్ము మాత్రం పెరిగితే ధర ఎటు పోతుందో కోనసీమ వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అంబాజీపేట మార్కెట్‌కు గండేరా రకం కురిడీ కొబ్బరి తక్కువగా వచ్చిన రోజున, ఉత్తరాది గిరాకీతో నలుగురు వ్యాపారులు ఒకేసారి కొనుగోళ్లకు దిగితే పుంజుకునేది గండేరా ధరే. గటగట రకం నిలకడగా ఉండిపోవచ్చు. మార్కెట్ మొత్తం పెరిగిందని మర్నాడు అందరూ అనుకుంటారు గాని, పెరిగింది ఎవరి సరుకో అమ్ముకున్న రైతుకే తెలుస్తుంది.

ఈ సూత్రం ఇప్పుడు కొబ్బరికే పరిమితం కాదు. ఆటగాళ్ల బజారు కూడా పెద్ద బజారే అయింది. అక్కడ ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్లందరి జీతాలకు కలిపి ఇంతకు మించి ఖర్చు చేయరాదని లీగు ఒక హద్దు పెడుతుంది. దీన్నే జీతాల గరిష్ఠ పరిమితి అంటున్నారు. ఈ పరిమితి ఏటేటా పెరుగుతున్నదని, అందుచేత ఆటగాళ్లకు మంచి రోజులు వచ్చాయని ఒక అభిప్రాయం బలంగా ఉంది. లెక్కలు విప్పి చూస్తే ఈ అభిప్రాయం సగమే నిజమని తేలుతుంది. పరిమితి పెరగడం వేరు, ఆటగాడి వాటా పెరగడం వేరు.

ఈ పద్ధతికి పేరుపడినది అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్.బి.ఏ. అక్కడ 1984–85లో జట్టుకు 36 లక్షల డాలర్లుగా మొదలైన పరిమితి, 2025–26 నాటికి 15 కోట్ల 46 లక్షల డాలర్లు దాటింది. అంటే సుమారు 43 రెట్లు. డబ్బున్న జట్టు మంచి ఆటగాళ్లనందరినీ గంపగుత్తగా కొనేసి పోటీని చంపకుండా ఉండాలన్నదే పరిమితి ఉద్దేశం. ఒకే వ్యాపారి మార్కెట్ మొత్తాన్ని గుప్పిట పట్టకుండా చూడడం వంటిదే ఇది. ఉద్దేశం మంచిదే. అయితే హద్దు జరిగినప్పుడల్లా లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నదే అసలు ప్రశ్న.

తెలుగువారి సొంత జట్టు అనిపించుకున్న కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ ఉదాహరణ చూడవచ్చు. ప్రొ కబడ్డీ లీగులో 2022లో జట్టు పరిమితి రు. 4.40 కోట్లు. ఆ ఏడాది పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ రు. 2.26 కోట్లకు పాడుకుంది. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆయన ఆ సీజను మొత్తానికి దూరమయ్యారు. 2023లో పరిమితి రు. 5 కోట్లకు పెరిగింది. ఈసారి అదే ఆటగాణ్ణి తెలుగు టైటాన్స్ రు. 2.605 కోట్లకు దక్కించుకుంది. రికార్డు ధర అని ఊరూవాడా మారుమోగింది. కాని శాతాలు కట్టి చూడండి. మొదటిసారి పాట సొమ్ములో 51 శాతం, రెండోసారి 52 శాతం. అంటే పెరిగింది ఆటగాడి విలువ కన్నా ముఖ్యంగా పాటదారుల సంచి. సంచి నూటికి పద్నాలుగు వంతున పెరిగితే, ధర నూటికి పదిహేను వంతున పెరిగింది. అంతే సంగతి.

మరి జట్టుకు ఒరిగిందేమిటి? సగానికి పైగా సొమ్ము ఒక్కరి మీద పెట్టిన తరువాత మిగతా బృందమంతటికీ మిగిలింది రు. 2.395 కోట్లు. ఆ సీజనులో టైటాన్స్ రెండంటే రెండు ఆటలే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో అదే జట్టు ఒక్కరికీ కోటి రూపాయలు దాటించకుండా బృందాన్ని కూర్చుకుని ఫైనల్‌కు ఒక్క మెట్టు దిగువన ఆగింది. పెట్టుబడి అంతా ఒకే సరుకు మీద పెట్టరాదన్న వర్తక నీతి ఇక్కడ కూడా చెల్లుబాటు అయిందని చెప్పక తప్పదు.

హైదరాబాద్ క్రికెట్ జట్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2008లో ఐ.పి.ఎల్. ప్రారంభమైనప్పుడు జట్టు పరిమితి 50 లక్షల డాలర్లు. డెక్కన్ ఛార్జర్స్ అందులో 13.5 లక్షల డాలర్లు ఆండ్రూ సైమండ్స్‌కు పెట్టింది. అంటే 27 శాతం. ఆ ఏడు 14 ఆటల్లో రెండే గెలిచి చివరన నిలిచింది. మరుసటి ఏడు, 7 లక్షల డాలర్లకు పాడుకున్న ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు కప్పు గెలుచుకుంది. అలాగని ఖరీదైన సరుకు ఎప్పుడూ ముంచుతుందనీ అనలేము. 2023 డిసెంబరు పాటలో కోల్‌కతా రు. 24.75 కోట్లకు మిచెల్ స్టార్క్‌ను, హైదరాబాద్ సన్‌రైజర్స్ రు. 20.50 కోట్లకు పాట్ కమిన్స్‌ను కొన్నాయి. 2024లో ఫైనల్ ఆడింది ఆ రెండు జట్లే. అయితే కమిన్స్ ధర నాటి రు. 100 కోట్ల సంచిలో అయిదో వంతు మాత్రమేనని గమనించాలి. చూడవలసినది ధర కాదు, సంచిలో దాని పాలు.

ఈ దృష్టితో చూస్తే మరో విచిత్రం బయటపడుతుంది. 2008లో మహేంద్ర సింగ్ ధోనీ ధర 15 లక్షల డాలర్లు, అనగా పరిమితిలో 30 శాతం. 2024 నవంబరులో జెద్దాలో జరిగిన పాటలో రిషభ్ పంత్‌కు పలికిన రు. 27 కోట్లు ఐ.పి.ఎల్.లో అంతకుముందెన్నడూ లేని ధర. కాని రు. 120 కోట్ల సంచిలో అది 22.5 శాతమే. అంకెల్లో రికార్డు, వాటాలో తగ్గుదల!

పరిమితి పెరిగినప్పుడు లాభం అందుకోవడంలో కాలానిదే పెద్ద పాత్ర. ధర పెరగకముందు ముందస్తు బేరానికి మాట ఇచ్చిన రైతు పరిస్థితి ఏమిటో అందరికీ తెలుసు. అమెరికాలో 2016లో టెలివిజన్ ఒప్పందపు సొమ్ము ఒక్కసారిగా వచ్చి పడడంతో పరిమితి 7 కోట్ల డాలర్ల నుంచి 9 కోట్ల 41 లక్షలకు, అంటే ఒక్క ఏడాదిలో 34 శాతం ఎగబాకింది. ఆ వేసవిలో ఒప్పందం ముగిసి చేతులు ఖాళీగా ఉన్నవారి పంట పండింది. లాస్ ఏంజిలెస్ లేకర్స్ టిమొఫే మొజ్‌గొవ్ అనే సాధారణ ఆటగాడికి నాలుగేళ్లకు 6 కోట్ల 40 లక్షల డాలర్లు రాసి ఇచ్చింది. వరుసగా రెండేళ్లు లీగులో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైన స్టీఫెన్ కర్రీ మాత్రం 2012లో రాసుకున్న పాత ఒప్పందం ప్రకారం ఏడాదికి సుమారు 1 కోటి 21 లక్షల డాలర్లతో సరిపెట్టుకున్నారు. ఆయన చవకగా దొరకడం, పరిమితి ఒక్కసారిగా లేవడం కలిసి వచ్చి గోల్డెన్ స్టేట్ జట్టు కెవిన్ డురాంట్‌ను కూడా తెచ్చుకుని మరుసటి ఏడు విజేత అయింది. పోటీని సమం చేయవలసిన పరిమితే పోటీని ఒక వైపుకు ఒరిగించింది. ఈ అనుభవంతోనే 2023 ఒప్పందంలో పరిమితి ఏడాదికి 10 శాతానికి మించి పెరగరాదని కట్టడి పెట్టుకున్నారు.

మన విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి విషయం కూడా ఇటువంటిదే. 2023 సీజనుకు ఆయనను సన్‌రైజర్స్ కనీస ధర రు. 20 లక్షలకు తీసుకుంది. 2024లో ఆయన 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి అందుకున్నప్పుడు జట్టు పరిమితి రు. 100 కోట్లు, ఆయన జీతం మాత్రం అదే రు. 20 లక్షలు. 2025 సీజనుకు రు. 6 కోట్లకు జట్టు అట్టిపెట్టుకున్నది. ఆయనకు చివరకు న్యాయం జరిగింది. కాని ఆ రెండేళ్లలో దెబ్బ తగిలి మూలన పడి ఉంటే పరిమితి పెరుగుదల ఆయన గడపలోకి అడుగు పెట్టేదే కాదు.

ఇక కనీస ధర సంగతి. 2018 నుంచి 2024 వరకు ఐ.పి.ఎల్. పరిమితి రు. 80 కోట్ల నుంచి రు. 100 కోట్లకు చేరినా, అడుగు ధర రు. 20 లక్షల దగ్గరే కదలకుండా కూర్చుంది. 2025కు గాని అది రు. 30 లక్షలు కాలేదు. పైకప్పు ఏడాదికో జానెడు లేస్తుంటే నేల ఏడేళ్లకోసారి లేచిందన్న మాట. మిల్లింగ్ కొబ్బరికి కేంద్రం ప్రకటించే మద్దతు ధర 2025 సీజనుకు క్వింటాలుకు రు. 11,582. అది చాలునా చాలదా అన్న వాదన వేరు. ఏటా ఒకసారి దాన్ని తిరగదోడి చూసే పద్ధతంటూ ఒకటుంది. ఆటగాడి అడుగు ధరకు అటువంటి పద్ధతి లేదు.

అన్నిటి కంటే పెద్ద ప్రశ్న రాబడిలో వాటా. 2018–22 అయిదేళ్లకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు రు. 16,347.5 కోట్లకు, 2023–27కు రు. 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఏడాది సగటు చూస్తే మొదటి దఫా రు. 3,269 కోట్లు, రెండో దఫా రు. 9,678 కోట్లు. 2018లో 8 జట్ల పరిమితి కలిపి రు. 640 కోట్లు. అంటే ప్రసార హక్కుల సొమ్ముతో పోల్చితే 19.6 శాతం. 2025లో పాట సొమ్ముతో పాటు ఆటకు రు. 7.5 లక్షల రుసుం, ప్రతిభా వేతనం కూడా కలుపుకుని జట్టుకు రు. 146 కోట్లు. 10 జట్లకు రు. 1,460 కోట్లు. శాతం 15.1కి దిగింది. టిక్కెట్లు, ప్రకటనల రాబడి ఈ లెక్కలో చేరనే లేదు. తలకు దక్కే సొమ్ము పెరిగింది, నిజమే. కాని సంత మూడింతలైతే సరుకు పండించినవాడి పాలు తరిగింది.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్ల సంఘం యజమానులతో బేరమాడి ఆట రాబడిలో దాదాపు సగం తమ పాలుగా రాయించుకుంది. పరిమితి ఆ రాబడి నుంచే లెక్క కట్టబడుతుంది. జట్లు పరిమితిలో కనీసం 90 శాతం ఖర్చు చేసి తీరాలి. ఇక్కడ ఆ నిబంధన 75 శాతమే. పరిమితి అంకెను క్రికెట్ బోర్డు నిర్ణయిస్తుంది. ఆడుతున్నవారి తరఫున బేరానికి కూర్చునే సంఘం లేదు. పైగా ఇటీవల వ్యక్తికి కూడా హద్దు గీశారు. 2025 డిసెంబరులో కామెరాన్ గ్రీన్‌కు కోల్‌కతా రు. 25.20 కోట్లు పాడినా, విదేశీ ఆటగాళ్ల హద్దు మేరకు ఆయనకు చెందేది రు. 18 కోట్లే. మిగిలినది ఆటగాళ్ల సంక్షేమం పేరిట బోర్డుకు చేరుతుంది.

యజమానుల వాదన కూడా తీసివేయదగినది కాదు. నష్టం వస్తే భరించేది తామేనని వారంటారు. ఆర్థిక చిక్కుల్లో పడిన డెక్కన్ ఛార్జర్స్‌ను 2012లో బోర్డు రద్దు చేసిన సంగతి హైదరాబాద్ మరచిపోలేదు. రాబడి లేని చోట పరిమితి పెంచడం అప్పు చేసి పప్పుకూడు తినడమే. కోనసీమకే చెందిన అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి అనుభవం ఇందుకు తార్కాణం. ప్రీమియర్ బాడ్మింటన్ లీగులో 2020 సీజనుకు జట్టు పరిమితి రు. 2 కోట్లు, ఒక్కరికి రు. 77 లక్షలకు మించరాదన్న హద్దు. అందులో సాత్విక్‌ను చెన్నై జట్టు రు. 62 లక్షలకు పాడుకుంది. ఆ సీజను తరువాత లీగే ఆగిపోయింది. ఆయన ఆట ప్రపంచ స్థాయికి ఎదిగిన ఏళ్లలో ఆ ఆటకు ఇక్కడ పాటే లేదు. సంత కట్టేసిన తరువాత ధరల పట్టిక ఎంత ఘనంగా ఉన్నా ఒకటే.

కాబట్టి పరిమితిని రాబడితో ముడిపెట్టడమే ఉభయులకూ క్షేమం. రాబడి పెరిగితే పెరగాలి, తగ్గితే ఆగాలి. కోవిడ్ కాలంలో, 2020–21కి ఎన్.బి.ఏ. పరిమితి అంతకుముందటి 10 కోట్ల 91 లక్షల డాలర్ల వద్దనే నిలిచిపోతే ఆటగాళ్ల సంఘం అంగీకరించింది. లాభంలో వాటా ఉన్నవాడు నష్టంలో కూడా పాలు పంచుకుంటాడు. పెరుగుదల ఒక్క గెంతులో కాక మెట్లు మెట్లుగా ఉండాలి. పరిమితి కదిలిన ప్రతిసారీ కనీస ధర కూడా అదే శాతంలో దానంతటదే కదలాలి.

కొబ్బరి వర్తకుడి చేతిమీదుగా బాలబాలాజీ గుడి వెలసిన ఈ ఊరిలో వాటా అన్న మాటకు అర్థం వివరించనవసరం లేదు. పొత్తు వ్యాపారంలో ఏడాది చివర లెక్క చూసేటప్పుడు కొట్టులో ఎంత సరుకు కదిలిందని మాత్రమే కాక, తన పాలికి ఎంత వచ్చిందని ప్రతి పొత్తుదారూ అడుగుతాడు. వచ్చే పాటలో ఏ ఆటగాడికి ఎన్ని కోట్లు పలికాయని లోకం లెక్కించుకుంటుంది. సంచి ఎంత, అందులో పాలెంత, అడుగున ఉన్నవాడికి దక్కిందెంత అన్న మూడు అంకెలు వర్తకులు చూసుకుంటే బజారు అసలు పోకడ తెలుస్తుంది.