రైలు చిత్రంలో మనుష్యులెక్కడ?

కెమెరా నేడు ప్రతి విద్యార్థి జేబులోనికి వచ్చింది. మనవారు తీసే రైలు చిత్రాలకు కొదువ లేదు. అయితే వాటిలో ఇంజను ప్రకాశిస్తుంది. ప్రయాణికులు మాత్రం నల్లని నీడలై మిగులుతారు. ఇది కేవలం సాంకేతిక లోపం కాదనీ, దృష్టిలోపమనీ మా అభిప్రాయం.

గుడివాడ నుండి బందరు రైలు మార్గం ఇంచుమించు దక్షిణ ఆగ్నేయ దిశగా సాగుతుంది. కనుక ఉదయం బండికి తూర్పు పార్శ్వం, సాయంత్రం పడమటి పార్శ్వం వెలుగులో ఉంటాయి. మే, ఆగస్టు మాసాల తొలి వారంలో మధ్యాహ్న సూర్యుడు మనకు నడినెత్తికి వస్తాడు. అప్పుడు కళ్ళు సైతం చీకటి గుంటలుగా కనబడతాయి. ప్లాట్‌ఫారం కప్పు క్రింది చీకటికీ, వెలుపలి ఎండకూ కెమెరా సగటు కడుతుంది. ఆ సగటులో నష్టపోయేది మనిషి ముఖమే. అట్టి వేళ వెలుగును ముఖాన్ని బట్టి కొలవాలి. ఆకాశం కొంత తెల్లబడినా చింత లేదు.

పలువురిని ఒకే చిత్రంలో కూర్చడం మరొక సమస్య. 1932లో ఆన్రీ కార్తియే బ్రెసాన్ పారిస్‌లోని సేంట్ లజార్ స్టేషను వెనుక తీసిన చిత్రం ఇందుకు మంచి పాఠం. నీటిమడుగుపై దుముకుతున్న మనిషి, నీటిలో అతని ప్రతిబింబం, వెనుక గోడ ప్రకటనలో ఎగురుతున్న నర్తకి, ఈ మూడూ ఒకదానికొకటి బదులు పలుకుతాయి. ఒకరినొకరు కప్పివేయక, ప్రతివారికీ కొంత చోటు దక్కేవరకు వేచి ఉండటమే ఇందలి రహస్యం. బందరు ఆ దారికి చివరి స్టేషను. వేచి చూడటానికి అంతకన్న అనువైన చోటేది?

దివిసీమకు రైలు మార్గం లేదు. అవనిగడ్డ వాసి రైలెక్కాలంటే బందరుకో, పులిగడ్డ–పెనుమూడి వంతెన దాటి రేపల్లెకో పోవలసిందే. ఆ ప్రయాణికుని మూట, అలసట, ఎదురుచూపు చిత్రంలో లేనప్పుడు ఆ సీమ కొరత కూడా అందులో ఉండదు.

ఇక పట్టాలపై నిలిచి చిత్రాలు తీయటం సాహసం కాదు, అవివేకం. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేక పట్టాలపైకి పోవటం నేరం. అటువంటి చిత్రాలను, అవి ఎంత అందమైనవైనా, ఈ సంచికలో ప్రచురించరాదని కళాశాల కమిటీ వారికి మా విన్నపం. వాటికి బదులు ప్రయాణికుల చిత్రాలకు ఏటా ఒక పుట కేటాయించగోరుతున్నాము.

ఉర్దూలో తస్వీర్ అన్నా, తెలుగులో బొమ్మ అన్నా, అందులో మన ఊరి మనుష్యులు మనకు ఆనవాలు చిక్కాలి. సోదర విద్యార్థులారా, ఈసారి బండి వచ్చినప్పుడు ఒక్క క్షణం దిగేవారి వైపు తిరగండి.