'టైఫాయిడ్ పాజిటివ్' అంటే టైఫాయిడేనా?

వానాకాలం మొదలైందంటే చాలు, ఇంటింటా థర్మామీటర్ బయటికొస్తుంది. సోమవారం జ్వరం. మంగళవారమూ తగ్గలేదు. బుధవారం పొద్దున్నే ల్యాబ్‌లో రక్తం ఇస్తే సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. 'విడాల్ పాజిటివ్... ఓ 1:160, హెచ్ 1:80'. అంతే! 'వాడికి టైఫాయిడంట' అని మేనత్తకి ఫోన్ వెళ్లిపోతుంది. అన్నం బంద్. సెలైన్ మొదలు. పూటకో ఇంజెక్షన్.

ఇంతకీ అది టైఫాయిడేనా? ఆ ఒక్క కాగితం చూసి చెప్పడం ఎంత పెద్ద డాక్టరుకైనా సాధ్యం కాదు.

విడాల్ పరీక్ష నిన్నమొన్నటిది కాదు. 1896లో ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ దీన్ని వెలుగులోకి తెచ్చాడు. రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందో లేదో ఇది చూడదు. ఆ క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఏ మేరకు ఉన్నాయో చూస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. యాంటీబాడీలు తయారవడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి నిజంగా టైఫాయిడ్ వచ్చినవాళ్లకి కూడా మూడోరోజు పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. మరోపక్క, ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్ తాలూకు యాంటీబాడీలు నెలల తరబడి రక్తంలో మిగిలే ఉంటాయి. సాల్మొనెల్లా జాతిలోని వేరే క్రిములు సోకినా, ఆఖరికి మలేరియా వచ్చినా ఈ పరీక్ష పాజిటివ్ చూపించొచ్చు. టైఫాయిడ్ తరచూ కనిపించే మనలాంటి చోట్ల ఏ జ్వరమూ లేనివాళ్లలోనూ కొందరికి 1:80 ఉండటం మామూలే.

అందుకే ఒక్కసారి చేసిన విడాల్‌కి విలువ తక్కువ. వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే, అంటే 1:80 కాస్తా 1:320 అయితే, అప్పుడు దానికో అర్థం ఉంటుంది. కానీ రెండోసారి ఎవరు చేయిస్తారు? ఈలోగా జ్వరం తగ్గనన్నా తగ్గుతుంది, డాక్టరన్నా మారతాడు!

అసలు జబ్బు జారిపోతే...

'పోనీ, టైఫాయిడ్ మందు వాడితే పోయేదేముంది?' అనుకుంటారు చాలామంది. పోయేది చాలానే ఉంది.

అదే వానాకాలంలో డెంగీ కూడా ఉంటుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఒంట్లో ద్రవాలు తగ్గకుండా చూసుకోవాలి, రక్తపరీక్షల మీద ఓ కన్నేసి ఉంచాలి. పైగా డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే. 'టైఫాయిడ్ ఇంజెక్షన్ బాగా పనిచేసింది' అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూది కూడా పడితే రక్తస్రావం ముప్పు మరింత పెరుగుతుంది.

ఇంకోటి స్క్రబ్ టైఫస్. పేరు వింటే టైఫాయిడ్‌కి చుట్టంలా ఉంటుంది గానీ రెండింటికీ సంబంధం లేదు. పొలం గట్ల మీద, పొదల్లో తిరిగేవాళ్లని నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది అందరికీ కనిపించదు. ఉన్నా చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది, నొప్పి ఉండదు. బట్టలు తొలగించి వెతికితే తప్ప డాక్టరు కంట పడదు. టైఫాయిడ్‌కి విరివిగా వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ దీనిమీద పనిచేయదు. పనిచేసేది డాక్సీసైక్లిన్. ఖరీదు తక్కువ మాత్ర. సకాలంలో పడితే రెండు రోజుల్లో జ్వరం దిగుముఖం పడుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. వారం రోజులు తప్పుడు ఇంజెక్షన్లతో గడిచిపోవడం అంటే అదీ నష్టం.

'జ్వరం ఎన్నో రోజు?'

మంచి కుటుంబ వైద్యుడు మొదట అడిగేది ఇదే. ఏ పరీక్ష ఎప్పుడు పనికొస్తుందన్నది దీన్నిబట్టే ఉంటుంది. డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష తొలి 5 రోజుల్లో అక్కరకొస్తుంది. మలేరియాకి ఏ రోజైనా రక్తం చూడొచ్చు. రోజురోజుకీ మెట్టు మెట్టుగా పెరిగే జ్వరం, నాలుక మీద తెల్లటి పూత, కడుపులో నొప్పి, చేతికి తగిలే ప్లీహం... ఇవుంటే టైఫాయిడ్ అనుమానం బలపడుతుంది. అప్పుడు చేయించాల్సింది బ్లడ్ కల్చర్. అదీ యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే. జవాబు రావడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఖర్చూ విడాల్ కంటే ఎక్కువే. పోనీ వందకి వంద పట్టేస్తుందా అంటే అదీ లేదు. నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో సుమారు ఆరుగురినే పట్టుకుంటుంది. అయినా దీన్నే నమ్మడానికి కారణం ఉంది. పట్టుకున్నదాన్ని ఖాయంగా చెబుతుంది. ఏ మందుకి ఆ క్రిమి లొంగుతుందో కూడా చెబుతుంది. ఒకప్పుడు తిరుగులేదనుకున్న సిప్రోఫ్లాక్సాసిన్‌కి మనదేశంలో టైఫాయిడ్ క్రిమి చాలావరకు లొంగడం మానేసింది మరి.

టైఫాయిడ్ అని తేలి సరైన మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడోరోజుకే 'ఈ మందు పడట్లేదు' అని ఆసుపత్రి మార్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేయకుండా చెప్పినన్ని రోజులూ వాడాలి. రెండు, మూడు వారాల దశలో భరించలేని కడుపునొప్పి వచ్చినా, మలంలో రక్తం కనిపించినా మాత్రం క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. పేగుకి చిల్లుపడే ప్రమాదం ఉన్నది అప్పుడే.

'తగ్గిందో లేదో చూద్దాం' అని నెల తర్వాత మళ్లీ విడాల్ చేయించడం మరో అలవాటు. అది పాజిటివ్ వస్తే 'తిరగబెట్టింది' అని మళ్లీ మందులు! టైఫాయిడ్ కొందరిలో తిరగబెట్టే మాట నిజమే. కానీ అది తెలిసేది మళ్లీ వచ్చిన జ్వరాన్ని బట్టి, కల్చర్‌ని బట్టి. జ్వరం లేని మనిషికి విడాల్ అక్కర్లేదు.

ఇక పథ్యం సంగతి. 'లంఖణం పరమౌషధం' అని రోజుల తరబడి బ్రెడ్డుముక్క, బార్లీనీళ్లతో సరిపెడుతుంటారు. వారాల జ్వరంతో కండ కరిగిపోయిన మనిషికి తిండే బలం. మెత్తగా వండిన అన్నం, పప్పుకట్టు, పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు... అరిగేంత, ఆకలైనప్పుడల్లా కొద్దికొద్దిగా పెట్టొచ్చు. తాగే నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే ఇవ్వాలి. వడ్డించేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.