వియత్నాం: నెల చూసి పడవ ఎక్కండి

వియత్నాం చూసొచ్చిన ఇద్దరిని కదిపి చూడండి. హాలాంగ్ బేలో నీళ్లలోంచి మొలిచిన కొండల్ని చూశాక ఇంకేమీ చూడనక్కర్లేదంటారు ఒకరు. పొగమంచు, తుంపర తప్ప అక్కడేమీ కనిపించలేదని పెదవి విరుస్తారు మరొకరు. ఇద్దరిదీ నిజమే. తేడా అల్లా వాళ్లు వెళ్లిన నెలలో ఉంది.

ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,650 కిలోమీటర్లు సాగిన దేశమిది. జనవరిలో హనోయ్ జనం స్వెట్టర్లు తొడుక్కుంటే హోచిమిన్ సిటీలో చొక్కాలు చెమటకు తడుస్తుంటాయి. ఉత్తరాన ఆకాశం తేటపడే అక్టోబరు, నవంబరుల్లోనే మధ్య తీరాన్ని కుంభవృష్టి ముంచెత్తుతుంది. అయినా వారం రోజుల్లో దేశమంతా చుట్టేయాలని బయల్దేరేవాళ్లే ఎక్కువ. ఏ నెలలో వెళ్తున్నారో చూసుకుని ఒక ప్రాంతాన్నే ఎంచుకుంటే డబ్బుకూ, సెలవులకూ న్యాయం జరుగుతుంది.

ముందుగా ఉత్తరం. హాలాంగ్ బేలో సుమారు 1,600 సున్నపురాతి దీవులున్నాయి. 1994లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కనున్న కాట్ బా దీవులూ 2023లో ఆ జాబితాకెక్కాయి. రాత్రి పడవలోనే బస చేసి, తెల్లవారుజామున డెక్ మీద నిలబడి చూస్తే ఒక్కో కొండా చీకట్లోంచి నెమ్మదిగా విడివడుతుంది. దీనికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. ఫిబ్రవరి, మార్చిల్లో ముసురు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తుపాన్ల భయం. 2024 సెప్టెంబరులో యాగీ తుపాను ఈ తీరాన్ని చిందరవందర చేసింది. 2025 జులైలో హఠాత్తుగా లేచిన గాలివానకు ఒక పర్యాటక పడవ తిరగబడి 30 మందికి పైగా చనిపోయారు. అందుకే వాతావరణం బాగాలేదని పడవ రద్దు చేస్తే గొడవ పడకండి. ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్ తీయకండి.

సముద్రమంటే జంకేవాళ్లకు హనోయ్‌కి దక్షిణాన, రోడ్డు మీద రెండు గంటల దూరంలో నిన్ బిన్ ఉంది. ఇక్కడ అవే సున్నపురాతి కొండలు వరిచేల మధ్య నిలబడి ఉంటాయి. తామ్ కోక్ దగ్గర కాళ్లతో తెడ్లు తోస్తూ పడవ నడిపేవాళ్లు కనిపిస్తారు. కొండ కింది గుహల్లోంచి తల వంచుకుని వెళ్లాలి. మే నెలాఖరుకు ఏటికి రెండు పక్కలా చేలు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఇక మధ్య వియత్నాం. హువే, డానాంగ్ నగరాల మధ్య హై వాన్ కనుమ అడ్డంగా నిలుస్తుంది. ఆ పేరుకు సముద్ర మేఘమని అర్థం. చలికాలంలో ఉత్తరాది చల్లగాలుల్ని ఆపేది ఈ కొండలే. ఇటు ముసురు, అటు ఎండ ఒకే పూట చూడొచ్చు. 2005లో సొరంగ మార్గం తెరిచాక బస్సులు, లారీలు అటు మళ్లాయి. పాత ఘాట్ రోడ్డు చూడవచ్చేవాళ్లకు మిగిలింది. అంతకన్నా సులువైనది రైలు. సముద్రం వైపు కిటికీ పక్క సీటు దొరికితే చాలు.

డానాంగ్‌కి దగ్గర్లోనే పాత రేవు పట్టణం హోయ్ అన్, అక్కడి నుంచి లోపలికి వెళ్తే మీసోన్ ఉన్నాయి. అడవి కొండల నడుమ ఇటుకలతో కట్టిన శివాలయాల గుంపు మీసోన్. 4 నుంచి 13వ శతాబ్దం దాకా చంపా రాజులు కట్టించినవి. ఈ ప్రాంతాన్ని అప్పట్లో అమరావతి అనేవారన్న సంగతి తెలుగువాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. 1969లో అమెరికా బాంబులకు ఇక్కడి ప్రధాన గోపురం నేలమట్టమైంది. ఆ తర్వాత మిగిలిన గుళ్లలో కొన్నిటికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ మరమ్మతులు చేసింది. ఆ పనుల్లోనే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. ఎండ ముదరక ముందే, పొద్దున్నే వెళ్లండి.

ఈ తీరానికి ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం వద్దు. 2025 అక్టోబరు చివర్లో హోయ్ అన్ వీధులు వరదలో మునిగి, నడిచే దారుల్లో పడవలు తిరిగాయి.

దక్షిణాన ఫు కోక్ దీవికి నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత నైరుతి రుతుపవనాలతో అలలు ఎగుస్తాయి.

ఇప్పుడు మన సెలవులతో సరిచూసుకోండి. పిల్లల వేసవి సెలవుల్లో అయితే డానాంగ్‌లో దిగి హోయ్ అన్, మీసోన్, హై వాన్ చూడండి. ఎండకు సిద్ధపడాలి. మన ఎండలు చూసినవాళ్లకు అదేమంత కొత్త కాదు. దీపావళికైతే హాలాంగ్, నిన్ బిన్. సంక్రాంతికైతే ఫు కోక్. జనవరి చివర లేదా ఫిబ్రవరిలో వచ్చే అక్కడి కొత్త సంవత్సరం టెట్ తేదీలు ముందే చూసుకోండి. ఆ నాలుగు రోజులూ చాలా దుకాణాలు మూసేస్తారు, రైలు టికెట్లు దొరకవు. భారతీయులు వీసాకు ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి ఆ ఈ-వీసా గడువు 90 రోజులకు పెంచారు.

ఒక్క ప్రయాణంలో మూడు వియత్నాంలూ చూడాలనే ఆశ వదులుకోండి. చూడని రెండూ మరో రెండు సెలవులకు మిగులుతాయి.