నిద్రమాత్రల చీటీపై ముద్ర పడాలి

ఆల్ప్రజోలం, డయాజెపాం, నైట్రజెపాం వంటి నిద్రమాత్రలు, అంటే మెదడు చురుకును తగ్గించి ఆందోళనను అణచే బెంజోడయాజెపిన్ వర్గపు మందులు, వైద్యుడు కొద్దిరోజులకు రాసినప్పుడు మేలే చేస్తాయి గానీ, అదే చీటీ చూపి నెలల తరబడి కొంటూ పోతే శరీరం వాటికి అలవాటుపడి, పాత మోతాదు సరిపోని స్థితి వస్తుంది.

ఈ ముప్పు అందరికీ ఒకేలా రాదు. వయసు మళ్ళినవారి ఒంట్లో డయాజెపాం ఎక్కువకాలం నిలిచి ఉండటం వల్ల, రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగడం, పగలు మతిమరుపు కనిపించడం జరుగుతాయి. ఇంటివారు దాన్ని వయోభారంగానే లెక్కగట్టి అదే మాత్రను కొనసాగిస్తారు. మద్యంతోనో, ట్రమడాల్, టపెంటడాల్ వంటి నల్లమందు తరహా నొప్పి మాత్రలతోనో కలిపి వేసుకునే యువకులకు శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగుతుంది. తెలంగాణలో ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు తాగే కూలీలకైతే తాము మందు మింగుతున్నట్టే తెలియదు. కల్లు దుకాణాలపై అధికారుల దాడుల వల్ల కల్లు ఆగినప్పుడల్లా మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు చేరేది వారే. ఆ మందు పొడి రూపంలో దొంగదారిన వచ్చేది కనుక చీటీపై ముద్ర వేయాలన్న నియమం దానికి విరుగుడు కాదని ఒప్పుకోవాలి.

మందుల షాపు దారి మాత్రం మూయగలిగినదే, అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. వైద్యుడు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీపై ఒక్కసారే మందు ఇవ్వాలనీ, ఇచ్చిన తేదీని, షాపు పేరు, చిరునామాతో సహా ఆ చీటీ మీదే నమోదు చేయాలనీ 1945 నాటి ఔషధ నిబంధనల్లోని 65వ నిబంధన చెబుతోంది. ఈ నిద్రమాత్రలూ ఉన్న, అదనపు నిఘా అవసరమైన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1 2014 మార్చి 1న అమలులోకి వచ్చి, వైద్యుడి, రోగి వివరాలను, మందు పరిమాణాన్ని విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలని కోరింది. కానీ ఆ రిజిస్టరు ఒక్క షాపుకే పరిమితం కనుక, ఏ గుర్తూ లేని చీటీ వచ్చినప్పుడు మరో షాపువాడు దాన్ని కొత్తదిగానే చూస్తాడు. అందుకే ఔషధ తనిఖీ అధికారులు రిజిస్టరుతో సరిపెట్టుకోక, చీటీపై ఆ తేదీ, షాపు వివరాల ముద్ర వేసే అలవాటు ఉందో లేదో చూడాలి.

అయితే ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి ఒక్కరోజులో మందు ఆగిపోతే మూర్ఛలు రావచ్చు. కాబట్టి ముద్ర నియమాన్ని గట్టిగా అమలు చేసేముందే, మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించే వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అందుబాటులో ఉంచి, ఆ సంగతిని ప్రతి మందుల షాపు ముందు తెలుగులో రాసిపెట్టించాలి.